గురుడిపై విషవాయువు జాడ.. మన డిష్‌లకు ఎందుకు దొరకదు?

ప్రొద్దుటూరులో మిద్దెక్కినా, జమ్మలమడుగు దగ్గరి గండికోటకెళ్లినా, పులివెందులలో ఉన్నా.. సీజన్‌లో గురుగ్రహం మామూలు కంటికే కనిపిస్తుంది. అక్కడి గాలిలో ఏముందో మాత్రం కంటికి అందదు.

1994 జులైలో షూమేకర్-లెవీ 9 తోకచుక్క ముక్కలు గురుడిని ఢీకొట్టాయి. అప్పుడు పుట్టిన హైడ్రోజన్ సయనైడ్ ఇంకా పైపొరల్లోనే ఉంది. ప్రతి వాయువుకూ సొంత ఫ్రీక్వెన్సీలుంటాయి.. అవే దాని వేలిముద్ర. చిలీలోని అల్మా టెలిస్కోపు దాన్నే పట్టింది. ఫ్రీక్వెన్సీలో చిన్న తేడాను బట్టి, ధ్రువాల దగ్గర గంటకు 1,450 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తున్నాయని 2021లో తేల్చారు.

మరి మన దగ్గర? పుణె సమీపంలో 30 డిష్‌ల జీఎంఆర్‌టీ ఉంది. కానీ అది 1.5 గిగాహెర్ట్జ్ లోపే వింటుంది. అల్మా పట్టిన సిగ్నల్ 354 గిగాహెర్ట్జ్ దగ్గరిది. ఆ తరంగాలను గాలిలోని తేమ మింగేస్తుంది. కడప ఎండలు సరిపోవు.. ఎత్తు కావాలి. అల్మా ఉన్నది 5,000 మీటర్ల ఎత్తున.

లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున హాన్లే మనకూ ఉంది. కానీ అక్కడి పెద్ద టెలిస్కోపులు కాంతిని చూసేవే. కేంద్రం 1,250 కోట్ల రూపాయలు కేటాయించిన అంతర్జాతీయ స్కా ప్రాజెక్టు కూడా 15 గిగాహెర్ట్జ్ పరిసరాల్లోనే ఆగుతుంది. అంటే ఎంత ఖర్చు పెడుతున్నామన్నదే కాదు, ఏ ఫ్రీక్వెన్సీ మీద పెడుతున్నామన్నదీ చూడాలి.