అడ్డపొగ చెప్పు సాక్ష్యము

ఒక యింటిలో ఎవరికైనను క్యాన్సరు వచ్చినదని తెలిసినప్పుడు ఆ యింటివారు రెండు విధములుగా మాట్లాడుట మనమందరము వినియే యుందుము. కొందరు నుదుటి వ్రాతను తప్పింప నెవరి తరమని నిట్టూర్చి యూరకుందురు. మరికొందరు, రోగి మంచము ప్రక్కనే నిలిచి, చుట్ట మానుమని యెన్నిమారులు చెప్పినను విన్నాడు కాడని తగవు తీర్పబూనుదురు. మొదటివారు సమస్తమును విధికి వదలివేయుచున్నారు. రెండవవారు సమస్తమును ఆ యొక్క మనిషి నెత్తిన రుద్దుచున్నారు. పరస్పరవిరుద్ధములుగా గనబడుచున్న యీ రెండు వైఖరులును ఫలమునందు మాత్ర మొక్కటియే. ఏలయన, అదే కప్పు క్రింద నున్న తక్కినవారికి గల ముప్పును తగ్గించు నాలోచన రెండింటియందును లేదు. మనిషి తన యలవాటును మార్చుకొనగలడు. కాని ఆ యలవాటును పుట్టించి పెంచిన యిల్లును ఊరును కూడ పూనుకొన్ననే గాని ఆ మార్పు నిలువదని నా యభిప్రాయము. దీనికి సాక్ష్యము దూరదేశములనుండి తేనక్కరలేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలే చాలును.

ఆ ప్రాంతమున, ముఖ్యముగా సముద్రతీర గ్రామములలో, నిప్పున్న కొన లోపలికి వచ్చునట్లుగా చుట్టను నోట బెట్టుకొని కాల్చు నాచారము తరతరములుగా గలదు. దానినే అడ్డపొగ యందురు. వాకిట గూర్చుండి చేపలు తోముచున్న వృద్ధురాలు, చేతులు రెండును పనిలోనే యుండగా, పెదవులు బిగించి, చుట్టను నాలుకతో నించుక యటునిటు కదల్చుచు, సందు చేసికొని సన్నగా పొగ వదలుచుండుట చూచిన క్రొత్తవారికి, ఆమె నోటిలోపల నిప్పు రగులుచున్నదన్న సంగతి వెంటనే తోపదు. ఆ సెగ నేరుగా తగులునది అంగిలికి. పొగలోని విషద్రవ్యములకు వేడిమి తోడై యేండ్ల తరబడి ఒక్కచోటనే పనిచేయుటచేత అంగిలిపై పొర తెల్లబడి, దళసరియై, నడుమనడుమ ఎర్రని చుక్కలు దేరి, కొందరియందు తుదకు రాచపుండుగా పరిణమించును. లోకమున తక్కినచోట్ల అరుదైన అంగిలి క్యాన్సరు ఈ తీరమున తరచుగా గనబడుట 1950వ దశకమునాటికే మన వైద్యుల దృష్టికి వచ్చినది. డెన్మార్కు దేశస్థుడగు పిండ్‌బోర్గు, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, వారి సహచరులు 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి 1971లో ప్రకటించిన ఫలితములు, అంగిలియందలి యీ మార్పులకును అడ్డపొగకును గల సంబంధమును తేటతెల్లము చేసినవి.

ఇంతకును ఆ వృద్ధురాలివంటి స్త్రీలు ఈ యలవాటునకు ఎట్లు లోనైరి? గాలి విసరునప్పుడు చుట్ట ఆరదు. నుసి రాలి బట్టపై గాని చంకనున్న బిడ్డపై గాని పడదు. ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. చేతులకు పని తప్పదు. తల్లిని చూచి కూతురు, తోడికోడలిని చూచి తోడికోడలు నేర్చుకొనిరి. పేదరికమును, తీరికలేని చాకిరియు, ఇరుగుపొరుగుల వాడుకయు కలిసి రూపొందించిన యీ యలవాటునకు పట్టణవాసి చదువరి "మూర్ఖత్వ"మను పేరు పెట్టుట సులభమే గాని, అట్లు పేరు పెట్టినందువలన ఒక్క చుట్టయైనను ఆరలేదు.

ఆర్పినది వేరొక పద్ధతి. టాటా సంస్థవారు ఎర్నాకులము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో పొగాకు వాడువారిని సుమారు 36,000 మందిని ఎంచుకొని, ఏటేట వారి యిండ్లకు బోయి నోరు పరీక్షించుచు, ఎదుట గూర్చుండి నచ్చజెప్పుచు, చలనచిత్రములు చూపుచు, రేడియో మూలమునను పత్రికల మూలమునను బోధించుచు కొన్నేండ్లు పాటుపడిరి. ఆ కృషి ఫలితములు 1986లో వెల్లడి యైనవి: ఇట్టి బోధన పొందనివారికంటె వీరిలో మానినవారును తగ్గించినవారును హెచ్చు, క్యాన్సరునకు పూర్వరంగమగు నోటిలోని తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుటయు తగ్గినది. చదువురాని పల్లెవారు వినరనెడి వాదమునకు ఇంతకంటె వేరు సమాధాన మక్కరలేదు.

ముప్పు అనగా నిశ్చయము కాదన్న సంగతి ఇచ్చట గ్రహింపవలెను. చుట్ట కాల్చిన ప్రతివానికి క్యాన్సరు రాదు. కాల్చనివానికి రాకుండను పోదు. ఊరిలో తొంబదియేండ్లు బ్రతికిన తాతయొకని చూపి చుట్టను సమర్థించువారు, ఆయన యీడువారిలో ఎందరు నడుమనే రాలిపోయిరో లెక్కపెట్టరు. వయస్సు పైబడుటను ఎవరును ఆపజాలరు. తలిదండ్రులనుండి సంక్రమించిన జన్యుదోషముచేత కలుగు క్యాన్సర్లు నూటికి అయిదు మొదలు పదివరకు మాత్రమే యని వైద్యుల యంచనా. కాగా నూటికి ముప్పది మొదలు యేబదివరకు నివారింపదగినవే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తండ్రి చేసిన యప్పు మన నెత్తిన బడినను, దానిపై క్రొత్త యప్పు చేయకుండుట మన చేతిలోని పనియే గదా!

క్రొత్త యప్పులలో నేడు మిక్కిలి చవుకగా దొరకునది వక్కపొడి పొట్లము. పొగాకు కలియనిది గనుక దోషము లేదని పిల్లల చేతికి గూడ దానిని ఇచ్చువారు కలరు. కాని వక్క తనంతట తానే మానవులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. నిత్యము వక్కను గాని గుట్కాను గాని బుగ్గన బెట్టువానికి మొదట కారము తగిలిన నోరు మండును. పిదప బుగ్గల లోపలి చర్మము పాలిపోయి, పీచువలె బిగిసి, క్రమముగా మూడువ్రేళ్లు నిలువున పట్టవలసిన నోరు రెండింటికైనను తెరువబడదు. అన్నపు ముద్ద చిన్నదగును. ఇరువదియేండ్ల యువకులు గూడ ఈ స్థితిలో దంతవైద్యులయొద్దకు వచ్చుచున్నారు. గుట్కా నిషేధింపబడిన పిమ్మట పాన్‌మసాలా యొక పొట్లముగను పొగాకు వేరొక పొట్లముగను ఒకే దుకాణమున వ్రేలాడుచుండుట కన్నులున్న ప్రతివారును చూచుచున్నదే. నిషేధమును కాగితముపై నుంచి, పొట్లమును బడిప్రక్క కొట్టులో నుంచిన సమాజము, కొన్న పిల్లవానిని మాత్రము దోషిగా నిలబెట్టుట న్యాయమా?

ఈ ముప్పును మద్యము ఇంకను పెంచును. మద్యపానము పొగాకుతో గూడినప్పుడు నోటికిని గొంతుకును గలుగు ముప్పు ఆ రెండింటి మొత్తముకంటెను హెచ్చగును. ఇక, ఇప్పుడు మానిన నేమి లాభమని నిరాశపడు నడివయస్కునకు, బ్రిటిషు వైద్యులను 1951 మొదలు యేబదియేండ్లు పరిశీలించిన రిచర్డు డాల్ బృందము 2004లో ఇచ్చిన సమాధాన మున్నది: అరువదవయేట సిగరెట్టు మానినవానికి మూడేండ్లును, యేబదవయేట మానినవానికి ఆరేండ్లును, నలువదవయేట మానినవానికి తొమ్మిదేండ్లును ఆయుర్దాయము దక్కుచున్నది. ఆలస్యమైనదన్నది మానకుండుటకు సాకు కాజాలదు.

అలవాట్ల ప్రసక్తియే లేని ముప్పులు మరికొన్ని గలవు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు మూలము హ్యూమన్ పాపిల్లోమా వైరసు. దీనిని నిరూపించిన హరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు వేయదగిన టీకా వచ్చినది. కాలేయ క్యాన్సరునకు దారితీయు హెపటైటిసు-బి వైరసునకు పుట్టిన యిరువదినాలుగు గంటలలోపల శిశువునకు టీకా వేయవచ్చును. ముప్పదియేండ్లు దాటిన స్త్రీకి పలుచని వినిగరు ద్రావణము పూసి ముఖద్వారమును చూచు పరీక్ష యొకటి గలదు. బొంబాయి పేటలలో పదవతరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలకు దీనిని నేర్పి చేయింపగా, ఈ క్యాన్సరువలన మరణములు నూటికి ముప్పదియొకటి చొప్పున తగ్గినవి. ఇందు సంకల్పబలముతో పనిలేదు. కావలసినది టీకాకు తండ్రి సమ్మతి, పరీక్షకు వెళ్లుదినమున ఆమె కూలి పోయినను అడ్డుచెప్పని భర్త, పిల్లలను చూచుకొనెడి అత్తగారు. పెద్దకూతురు పెండ్లి ముగిసిన పిమ్మట చూపించుకొందునని రొమ్ములోని గడ్డను దాచుకొన్న తల్లులు మన ఊళ్లలో ఎందరు లేరు? అట్టి యామె నిర్లక్ష్యమును తప్పుపట్టుటకు ముందు, ఆమెకు తీరిక యిచ్చితిమా యని తక్కిన యింటివారు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

నిందింపకున్న యెవరు మానుదురని కొందరు వాదింతురు. నిందకు భయపడినవాడు చుట్టను మానడు, నోటిలోని పుండును మాత్రము దాచును. దాచిన పుండు ముదిరిన పిమ్మటనే బయటపడును. తిరువనంతపురమున ఇంటింటికి బోయి నోళ్లను కంటితో చూచిన పరీక్షల ఫలితములు 2005లో వెలువడినవి; పొగాకు, మద్యము అలవాటుగా గలవారిలో నోటి క్యాన్సరు మరణములు మూడవవంతునకు పైగా తగ్గినవి. పరీక్ష వలన బాగుపడినవారు, చెడ్డవారని లోకము వ్రేలెత్తి చూపెడి మనుష్యులే యని గమనింపవలెను.

కావున చేయవలసిన దేమనగా: ఆశా కార్యకర్త చేతికి టార్చిలైటును, ఒక యేడాదిలో ప్రతి వయోజనుని నోరును చూచుటకు చాలినంత తీరికను ప్రభుత్వ మీయవలెను, మూడు వారములైనను మానని పుండు గాని, తెల్లని యెర్రని మచ్చ గాని కనబడిన, అదే నెలలో దంతవైద్యునకు చూపింపవలెను, పంచాయతీలు బడి చేరువనున్న పొట్లపు కొట్లను నిజముగా తొలగింపవలెను. ఇక మన యింటిలో మనము చేయదగినది స్వల్పమే: చుట్ట మానదలచిన తండ్రిని ఎన్నవమారు తప్పెనని లెక్కపెట్టక, ఎన్నవమారైనను మరల ప్రయత్నింపుమని చెప్పుటయు, ఆసుపత్రికి తోడు వెళ్లుటయు. ఇట్లు చేసిన పల్లెలలో ముప్పు తగ్గినది. చేయనిచోట ఉపన్యాసములు మాత్రము పెరిగినవి.