భుజం తిప్పినవాళ్లంతా అలిగినట్టేనా?

మా రావులపాలెం అరటి మార్కెట్లో బేరం కుదరకపోతే గెలలు తెచ్చిన రైతు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అటు తిరిగిపోతాడు. 'ఇంగ్లీషులో కోల్డ్ షోల్డర్ అంటే ఇదేనాండీ?' అని డిగ్రీ చదివే కుర్రాడొకడు అడిగాడు. కాదయ్యా అన్నాను. రైతు అటు తిరిగాడే గానీ చెవి ఇటే ఉంటుంది. వెనక నుంచి ఇంకో పది రూపాయలు పలికితే ఆగుతాడు. కోల్డ్ షోల్డర్ చూపించేవాడు అలా కాదు, మీరు పిలవకపోతేనే బాగుండునని వెళ్లిపోయే రకం.

దీనికో కథ చెబుతారు. ఇష్టంలేని అతిథికి వేడి భోజనం బదులు చల్లారిపోయిన గొర్రె భుజం మాంసం పెట్టేవారట. కథ బాగుంది గానీ భాషా పండితులు ఒప్పుకోరు. 1816లో వాల్టర్ స్కాట్ రాసిన 'ది యాంటిక్వరీ' నవలలో ఈ మాట కనిపిస్తుంది. అక్కడ వడ్డన ఊసే లేదు, గిట్టని మనిషిని దూరం పెట్టడమే.

మనకీ ఓ భుజం ఉందండోయ్. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట! బూడిద గుమ్మడికాయ మోస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది మరి. ఎవరూ పేరు పెట్టి అనకుండానే సంజాయిషీకి దిగేవాణ్ణి ఇప్పటి పిల్లలు 'డిఫెన్సివ్ అయిపోతున్నాడు' అంటున్నారు. మన సామెత ముందు ఆ మాట వట్టి చప్పిడి.

అసలు చిక్కు 'స్టోన్‌వాలింగ్'తో. ఎదుటివాళ్లు ఎంత మాట్లాడినా రాతిగోడలా ఉండిపోవడం. మనం బెల్లంకొట్టిన రాయి అంటాం. క్రికెట్లో పరుగుల ఊసెత్తకుండా ప్రతి బంతినీ అడ్డుకుంటూ కూర్చునేవాడి ఆటనీ అదే మాటతో పిలుస్తారు. భార్యాభర్తల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, కాపురాన్ని కూల్చే నాలుగు అలవాట్లలో దీన్నీ చేర్చాడు, ఆ భుజాలు తడుముకోవడాన్నీ చేర్చాడు. ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు పట్టుకుంది. అలా బిగుసుకున్న మనిషికి లోపల చాలాసార్లు గుండె దడదడలాడుతూ ఉంటుందట. దానికాయన వాడిన మాట 'ఫ్లడింగ్', అంటే వరద. ఏటిగట్టు పక్కన బతికేవాళ్లం, మనకి వేరే చెప్పాలా? గట్టుకి ఇవతల నుంచి చూస్తే అంతా పొడిగానే ఉంటుంది.

మన అలక వేరు. అందులో బతిమాలేవాళ్లకి చోటుంది. సత్యభామ అలిగింది కృష్ణుడు వస్తాడనే. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కేది మామగారు ఏదో ఒకటి ఇచ్చి దింపుతాడనే. అంత మంచి మాట ఉండటం వల్లేనేమో, ఇంట్లో ఎవరు నోరు మూసుకున్నా 'అలిగాడులే, అదే పోతుంది' అని సరిపెట్టేస్తాం.

మా వీధిలో ఒకాయన, గాలివానకి అరటితోట పడిపోయాక, పది రోజులు ఇంట్లో నోరు విప్పలేదు. 'ఇష్టమైంది వండిపెట్టవే, దారికొస్తాడు' అంది అత్తగారు. వండింది. ముద్ద దిగలేదు. ఆఖరికి ఆవిడ అడగడం మానేసి, రాత్రిపూట అరుగు మీద ఆయన పక్కన ఊరికే కూర్చోవడం మొదలెట్టింది. నాలుగో రాత్రి ఆయనే చెప్పాడు, తోట మీద చేసిన అప్పు ఎంతో. 'ముందే ఎందుకు చెప్పలేదు' అని ఆవిడ అనలేదట. పొద్దున్నే బ్యాంకుకి ఇద్దరం వెళ్దాం అందట.