అమ్మ చేసిన పని



జ్ఞాపకార్థ కూడికల కరపత్రాలు నాకు తరచుగా వస్తుంటాయి. ఒక ఫోటో, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ, వాటి కింద నాలుగు మాటలు ఉంటాయి: శాంతమూర్తి, ప్రార్థనాపరురాలు, ఆదర్శ గృహిణి, ప్రేమగల తల్లి. ఇవి అబద్ధాలని నేననను. అయితే పేరు మార్చి ఏ తల్లి ఫోటో కిందనైనా వీటిని అచ్చు వేయవచ్చు. ఆ తల్లి బ్రతికినన్నాళ్ళు ఏం చేసిందో అందులో ఒక్క ముక్క కనబడదు.

అలాంటి కూడికల్లో తప్పకుండా చదివే సామెతలు 31వ అధ్యాయాన్నే చూడండి. 10వ వచనం మొదలు చివరి వరకు 22 వచనాలు. హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాలతో వరుసగా ఆరంభమవుతాయి. మనవాళ్ళు ముత్యాల మాట దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంటారు. ఆ తరువాత ఏమున్నది? ఉన్ని, నార సంపాదించడం, చీకటితోనే లేచి ఇంటివారికి భోజనం సిద్ధపరచడం, పొలం చూసి కొనడం, ద్రాక్షతోట నాటడం, రాత్రివేళ దీపం ఆరనీయకపోవడం, నారబట్టలు చేసి అమ్మడం, బీదలకు చెయ్యి చాపడం. చాలా వరకు పనుల పట్టికే! లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పిన మాటలని ఆ అధ్యాయం మొదట్లోనే ఉంది. తల్లి నోటి మాట గనుకనే పనులు ఇంత లెక్కగా వచ్చాయేమోనని నాకు అనిపిస్తుంది.

మా అమ్మను మంచిర్యాలలో సమాధి చేసిన రోజున సంఘ కాపరిగారు రిజిస్టరు తెరిచి, "అమ్మగారి వృత్తి ఏమని రాయమంటారు?" అని అడిగారు. పక్కనే ఉన్న మా మేనమామ, "ఏం పని చెయ్యలేదు అయ్యగారూ, ఇంట్లనే ఉండె" అన్నాడు. చెడ్డ మనసుతో అన్న మాట కాదది. ఆమె చేతి అన్నం ఏళ్ళ తరబడి తిన్నవాడే.

నాన్న శ్రీరాంపూర్ గనిలో పని చేసేవారు. మంచిర్యాల అప్పటికి ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు; సొంత జిల్లా అయింది 2016 అక్టోబరులో. గని మూడు షిఫ్టులు నడిచేది. నాన్నకు ఒకటే షిఫ్టు, అమ్మకు మాత్రం మూడూ ఉండేవి. పొద్దటి షిఫ్టు వారం నాలుగు గంటలకే పొయ్యి వెలగాలి. బొగ్గుల పొయ్యి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. దాన్ని వాకిట్లో అంటించి, పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాక ఇంట్లోకి మోసుకు రావాలి. వానాకాలమైతే ఆ పొగ ఆమె కళ్ళలోనే. రాత్రి షిఫ్టు వారం ఇంకొక విధం. నాన్న పగలు నిద్రపోవాలి, మేము ఐదుగురం పిల్లలం, ఉన్నవి రెండు గదులు. మే నెల ఎండలో కిటికీకి తడి గోనెపట్టా కట్టి, మమ్మల్ని వేపచెట్టు కిందికి తోలి, ఆయన నిద్రకు కాపలా కూర్చునేది. గని బట్టలు వేరుగా సోడాలో నానబెట్టి ఉతికేది. మసి పోయేది గాని, ఆమె గోళ్ళ సందుల్లోకి చేరేది.

1981లో సింగరేణిలో 50 రోజులు దాటిన సమ్మె జరిగింది. జీతం లేదు. కిరాణా దుకాణంలో అరువు ఆగిపోయింది. అమ్మ రోజుకు ఒక పూట గటక కాచింది, చెవుల కమ్మలు తీసి తాకట్టు పెట్టింది, ఎవరికి ఎంత బాకీ ఉన్నామో గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి దేవుని కుండలో వేయడం మన సంఘాల్లో పాత అలవాటు కదా. గటక పూట వేయడానికేం లేదు. అంతకుముందు నెలల్లో స్త్రీల సమాజం ఇళ్ళన్నిటి నుంచి పోగుచేసిన బియ్యం మాత్రం ఉన్నది. దాన్ని అమ్మా, ఇంకో ఇద్దరూ చీకటి పడ్డాక మూటలు కట్టి, మాకంటే ఇబ్బందిలో ఉన్న ఇళ్ళ గడపల్లో పెట్టి వచ్చారు. ఎవరి గడపలో పెట్టారో ఆమె చనిపోయేదాకా చెప్పలేదు.

దీనిని పని అనకూడదా? లోకం కొంత ఆలస్యంగానైనా లెక్క కట్టడం మొదలుపెట్టింది. 1989 మార్చిలో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మరణించిన గృహిణుల విషయంలో, వారి ఇంటి సేవకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. మళ్ళీ 2021 జనవరిలో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణగారు ఒక రోడ్డు ప్రమాదం కేసులో ఇంటి పని గురించి వివరంగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లు. పురుషులు 60 లక్షల లోపే. 2019 నాటి సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తాడు. మా అమ్మ ఏనాడూ 299 దగ్గర ఆగిన గుర్తు నాకు లేదు.

తల్లికి వెల కట్టడమేమిటని కొందరు నొచ్చుకుంటారు. న్యాయస్థానం వెల కట్టింది పనికి. పనిని లెక్కచేయకుండా ప్రేమను మాత్రమే పొగడడం చౌక బేరమని నా అభిప్రాయం.

మొదటి సంవత్సరపు జ్ఞాపకార్థ కూడికకు మేము విశేషణాలు అచ్చు వేయలేదు. ఆమె చేసిన పని ఏదైనా ఒకటి రాసి ఇమ్మని బంధువులందరినీ అడిగాము. క్రిస్మస్‌కు సకినాల పిండి తడపడంలో నీళ్ళ లెక్క ఎట్లా చూసేదో పెద్ద చెల్లె రాసింది. పురుడు పోసిన రాత్రి గురించి ఎదురింటి వదినె రాసింది. చిన్న తమ్ముడు గోడ మీది బొగ్గు గీతల సంగతి రాశాడు. మా మేనమామ రాయలేనని అందరికంటే చివర వచ్చి, పక్కన కూర్చుని నా చేత రాయించాడు: "నాకు టీబీ అయిన ఏడు, ఆర్నెల్లు, అక్క దినాం ఒక గుడ్డు ఉడకేసి పెట్టింది. పిల్లలకు లేకున్నా నాకు పెట్టింది. నా గిన్నె వేరుగ కడుగుడు కూడ ఆమెనే."