ఇంట్లో ఉండమంటారు, ఇల్లు నిలబడాలి గదా!

పిడుగుల వాన వస్తుందన్నా, నాలుగు రోజులు ముసురు పట్టినా అధికారులు చెప్పేది ఒకటే: “ఇంట్లోనే ఉండండి.” మాట మంచిదే. పత్తి చేలో ఉన్న కూలీలు ఉరుము వినపడగానే పని ఆపాలి. చెట్టు కిందికి పోరాదు, గట్టి ఇంట్లోకి చేరాలి. కానీ గోనెగండ్ల, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో కూలి జనానికి ఆ గట్టి ఇల్లు ఏది?

మన పాత ఇళ్లు చాలావరకు మట్టి మిద్దెలు. రాయి, మట్టి కలిపి లేపిన గోడలు, కట్టె దంతెలు, పైన చౌడు మట్టి. ఇల్లు కురిసినప్పుడల్లా పైన ఇంకో నాలుగు తట్టల మట్టి పోస్తాం. పైన బరువు పెరుగుతూ పోతుంది, కింద దంతెలను చెదలు తింటూ పోతాయి. ముసురు పడితే ఆ మట్టి నీళ్లు తాగి ఇంకా బరువెక్కుతుంది. గోడ అడుగు నానుతుంది. అందరూ నిద్రలో ఉండగా మిద్దె కూలుతుంది.

2009 అక్టోబరు 2న వరదలో కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. దేశమంతా చూసింది. ఊరు మునిగితే మంత్రులొస్తారు. ఒక్క మిద్దె కూలి ఒక కుటుంబం పోతే ఎవరొస్తారు?

అందుకే ముందు మన జాగ్రత్త మనం పడాలి. వానలకు ముందే పాత మట్టి కొంత దించి, కొత్తది పలచగా పరవాలి. మిద్దె మీద నీళ్లు నిలవకుండా దారి చేయాలి. గోడ మొదట్లో నీళ్లు చేరనీయరాదు. పైనుంచి మట్టి రాలుతున్నా, దంతె కిర్రుమన్నా, గోడ బీట పెరిగినా, తలుపు పట్టేస్తున్నా సామాన్ల కోసం చూడొద్దు. పిల్లల్ని, ముసలివాళ్లను తీసుకొని అర్ధరాత్రయినా బయటపడాలి. వాన వెలిసిందని వెంటనే లోపలికి పోరాదు. నానిన గోడ తర్వాత కూడా పడుతుంది.

ఇక సర్కారు సంగతి. 2022లో కేంద్రం ఖరారు చేసిన సాయం లెక్కలో, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. కచ్చా ఇల్లు కొంత దెబ్బతింటే 4,000. గుడిసెకు 8,000. ఒక గోడ పడి దంతెలు వేలాడే మిద్దెలో ఎవరు కాపురం చేస్తారు? అయినా కాగితం మీద “పాక్షికం” అని ఒక్క మాట పడితే 1,16,000 రూపాయలు పోయినట్టే! పైగా అది అనుమతి ఉన్న కట్టడమై ఉండాలట. పట్టాయే ఇవ్వనివాళ్లు అనుమతి అడుగుతారా?

కాబట్టి ఇల్లు కూలితే మట్టి ఎత్తకముందే ఫోటో తీయించాలి. అధికారులు రాసుకునే రోజు సంఘం కార్యకర్తలు పక్కన నిలబడాలి. ఏం రాశారో చదివించుకోందే వేలిముద్ర వేయరాదు.

మన కోరికలు పెద్దవేం కావు. వానకాలానికి ముందే మిద్దెలన్నీ పరీక్షించి, ప్రమాదంలో ఉన్నవాటి జాబితా పంచాయతీ గోడకు అంటించాలి. ముసురు రాత్రుల్లో బడి తలుపులు తెరవాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలియాలి. కూలిపోయేలా ఉన్న ఇళ్లకు ముందుగా పక్కా ఇళ్లు మంజూరు చేయాలి.

మనిషి చనిపోతే అదే లెక్కలో 4 లక్షలుంది. మిద్దె కింద శవాన్ని తీశాక ఇచ్చే డబ్బులో కొంతయినా, ఆ మిద్దె నిలబడి ఉన్నప్పుడే ఇవ్వమని అడుగుదాం. కలిసి అడుగుదాం!