పేర్లెన్నో, చేప ఒక్కటే



మన ఊళ్లలో ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు, రచ్చబండ దగ్గర మరొక పేరు ఉండటం వింత కాదు. అయితే ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని మంచినీటి మడుగులలో బ్రతికే ఒక చేపకు ఉన్నన్ని పేర్లు ఏ మనిషికీ ఉండవేమో. పుస్తకాలలో దాని పేరు 'బోఫిన్'. ఊరు మారితే పేరు మారుతుంది. ఒకచోట కుక్కచేప, ఒకచోట బురదచేప, మరొకచోట నల్లచేప. కొందరు 'లాయరు' అని కూడా అంటారు. (మన చదువరులలో ప్లీడరు గారెవరైనా ఉంటే నొచ్చుకోవద్దని మనవి.) 'దూదిచేప' అనే పేరు వంటింటిలో పుట్టింది. పట్టిన వెంటనే వండకపోతే దాని మాంసం దూదిలాగా మెత్తబడిపోతుంది.

లూసియానా ప్రాంతపు చాక్టా ఆదివాసులు తమ భాషలో దీనిని 'షుపిక్' అన్నారు, అనగా బురదచేప. అక్కడి ఫ్రెంచివారు ఆ మాటను తమ నోటికి అనువుగా మార్చుకొన్నారు. ఇంగ్లీషువారి నోట అది 'షూ' చేరి, చెప్పులకు సంబంధించినదేదో అన్నట్టు తయారైంది! 1766లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి 'అమియా కాల్వా' అని పేరు పెట్టాడు. కాల్వా అంటే లాటిన్ భాషలో బట్టతల. దాని తలమీద పొలుసులు లేవు మరి. బోఫిన్ అంతా ఒకే జాతి అని చాలాకాలం అనుకొన్నవారు 2022లో రెండు జాతులని తేల్చి, రెండవదానికి 1836లో పెట్టి మరుగునపడిన పేరునే తిరిగి ఇచ్చారు. దీని వంశంలోని తక్కిన చేపలన్నీ అంతరించి, శిలాజాలుగా మాత్రమే మిగిలాయి.

ఈ పేర్లలో గౌరవమైనది ఒక్కటైనా ఉన్నదా? గాలం వేసేవారు దీనిని పనికిరాని చేపగా ఎంచి, పడితే గట్టుమీదకు విసిరివేసేవారు. పేరు పెట్టినవారు చూడనిది ఒకటి ఉన్నది. వసంతకాలంలో మగచేప లోతు తక్కువగా ఉన్న చోట నాచు, గడ్డి తొలగించి గూడు కట్టుతుంది. ఆడది గ్రుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కాపలా అంతా తండ్రిదే. ఎనిమిది పది రోజులకు పిల్లలు పుట్టి, ముక్కు కొననున్న జిగురు అవయవంతో మొక్కలకు అంటుకొని ఉంటాయి. ఈత వచ్చాక గుంపుగా తండ్రి వెంట తిరుగుతాయి. నాలుగు అంగుళాలు పెరిగేదాకా ఆయన వాటిని విడువడు. నీటిలో ప్రాణవాయువు తగ్గితే ఈ చేప పైకి వచ్చి గాలి పీల్చుకొంటుంది.

ఇది చదువుతుంటే మీకు మన కొర్రమీను గుర్తుకు వచ్చి ఉంటుంది. అదీ గాలి పీల్చుతుంది, అదీ పిల్లలను కాస్తుంది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు, పోలిక మాత్రం ఉన్నది. ఆ పోలికే బోఫిన్‌కు ప్రాణం మీదకు తెచ్చింది. 2002లో మేరీలాండ్ రాష్ట్రం క్రాఫ్టన్‌లోని ఒక చెరువులో, కొర్రమీనుకు దాయాది అయిన ఒక ఆసియా చేప బయటపడింది. అది పెరిగితే అక్కడి చేపలకు ముప్పని తలచి, చెరువులో మందు కలిపి చంపారు. అటువంటిది దొరికితే నీటిలోకి వదలవద్దు, చంపండి అని ప్రజలకు చెప్పారు. జనం దానికీ బోఫిన్‌కూ తేడా తెలియక, ఆ నేలకు చెందిన చేపనే చంపసాగారు. పిల్లలను కాచే రోజులలో తండ్రిచేప చచ్చిపోతే ఆ గుంపుకు దిక్కెవరు?

అందుచేత అక్కడి మత్స్యశాఖలవారు రెండు చేపల బొమ్మలను ప్రక్కప్రక్కన అచ్చువేసి పంచుతున్నారు. తేడా పొట్ట క్రింద ఉన్నది. కొర్రమీను జాతికి వెనుకభాగపు అడుగురెక్క పొడవుగా తోక దగ్గరిదాకా సాగుతుంది. బోఫిన్‌కు అది పొట్టిగా ఉంటుంది. రాయి అందుకొనే ముందు చేపను ఒకసారి తిరగేసి చూస్తే చాలు.