కత్తిపీటయే చాలును

సూరతు నగరమున లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో తెలుగు కుటుంబములు అనేకము తరతరములుగా నివసించుచున్నవి. వారిలో పెక్కురు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి మరమగ్గముల పనికై తరలివచ్చిన నేతవారు, వారి సంతతివారు. కార్ఖానాలో పండ్రెండు గంటల పని ముగించి ఇల్లు చేరువారికి, ఆకలిగొన్న పిల్లలకు కొద్ది నిమిషములలో ఉడుకు నూడిల్స్ పొట్లమే దిక్కగుట వింత కాదు. అట్లు తినువారిని నిందించి ప్రయోజనము లేదు. ఇంచుమించు అంత త్వరగా సిద్ధమగు మేలైన వంటను వారికి చూపవలెను.

అట్టి పొట్లములలో సాధారణముగా ఉండునవి మైదా, నూనె, ఉప్పు. కూరగాయల పాలు బహు స్వల్పము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రముల ప్రకారము, దినమునకు 2000 కిలోకేలరీలు అవసరమగు వ్యక్తి భోజనములో 400 గ్రాముల కూరగాయలుండవలెను. ఈ లోటును కొంత తీర్చుటకు కూరగాయలను నూలుపోగులవలె తరిగి వండుట మంచి ఉపాయము. ఇందులకు ప్రత్యేక యంత్రము కావలెనని పలువురు భావించుచున్నారు. అది అనవసరమైన వ్యయము.

సూరతువాసులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. పచ్చి బొప్పాయిని, క్యాబేజీని, క్యారెట్టును సన్నగా తరిగి, ఆవాలు, పసుపు వేసి కొద్దిగా మగ్గించు ‘సంభారో’ గుజరాతీల ఇండ్లలో నిత్యము కనబడునదే. ఆ నేర్పునకు మన సేమ్యా ఉప్మాను జోడించిన చాలును.

నలుగురికి అరకిలో లేత సొరకాయ, రెండు క్యారెట్లు, 200 గ్రాముల సేమ్యా తీసికొనవలెను. కూరగాయలను కడిగి, చెక్కు తీసి, కత్తిపీటతో గాని చాకుతో గాని నిలువుగా పలుచని బిళ్ళలు కోయవలెను. వానిని ఒకదానిపై నొకటి పేర్చి, అగ్గిపుల్ల మందమున పొడవుగా చీల్చవలెను. సొరకాయ నడిమి గింజల భాగమును పప్పులో వాడుకొనవచ్చును. సేమ్యాను వేరుగా ఉడికించి వార్చవలెను. వెడల్పైన మూకుడులో రెండు చెంచాల నూనెతో తిరగమోత వేసి, మొదట క్యారెట్టును, రెండు నిమిషముల పిమ్మట సొరకాయను వేసి, పెద్దమంటపై మూడు నిమిషములు కదపవలెను. సొరకాయలో నూటికి తొంబది పాళ్లకు మించి నీరే యుండును. కావున మూత పెట్టరాదు. ఉప్పు చివరనే వేయవలెను. లేనిచో పోగులు నీరు విడిచి మెత్తబడును. పిదప సేమ్యాను, గుప్పెడు వేయించిన వేరుసెనగ గుళ్లను కలిపి, నిమ్మరసము పిండి దింపవలెను.

ఒక హెచ్చరిక అత్యవసరము. తరుగుటకు ముందు సొరకాయ ముక్కను నాలుకపై ఉంచి చూడవలెను. చేదుగా నున్నచో వెంటనే ఉమ్మి, ఆ కాయను పారవేయవలెను. చేదు సొరకాయ వలన తీవ్రమైన వాంతులు, విరేచనములు, రక్తస్రావము కలిగిన సందర్భములు మన దేశమున గలవు. వండినంతమాత్రమున ఆ విషము నశింపదు.

కొందరు ధాన్యమును పూర్తిగా మాని కూరగాయల పోగులనే భుజింపుమని ఉపదేశించుచున్నారు. కూర్చుండి పనిచేయుచు బరువు తగ్గదలచినవారికి అది కొంతవరకు సరిపోవచ్చునేమో గాని, మగ్గముల నడుమ నిలబడి శ్రమించువానికి, ఎదుగు బిడ్డకు తగదు. నూరు గ్రాముల సొరకాయ ఇచ్చు శక్తి ఇంచుమించు 15 కిలోకేలరీలు; అంతే తూకము ఎండు సేమ్యా ఇచ్చునది సుమారు 350. కావున సేమ్యాను సగమునకు తగ్గించి, ఆ లోటును కూరగాయలతోను, పప్పుతోనో గ్రుడ్డుతోనో నింపుట వివేకము.

ఆరోగ్యము ఖరీదైన సాధనములతో వచ్చునది కాదు. ఇంటనున్న కత్తిపీట, సంతలోని లేత కాయ, పావుగంట శ్రద్ధ: ఇవి శ్రామికుని ఇంటికిని అందుబాటులో నున్నవే. వారమున రెండు దినములైనను పొట్లమునకు బదులు ఈ వంట చేసినచో, పిల్లలకు కూరగాయల రుచి చిన్ననాటనే అలవడును.