ఇల్లు మునిగేకన్నా ముందే ధర మునుగుతుంది

కాకినాడ నుంచి ఉప్పాడకు బీచ్ రోడ్డులో వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక పక్క రాళ్ల కట్ట, దాని మీదుగా ఎగిరిపడే కెరటం, తుపాను వచ్చినప్పుడల్లా కోసుకుపోయే తారు. జామ్దానీ చీరలకు పేరున్న ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లు సముద్రంలో కలిసిపోయాయి. అడ్డంగా వేసిన జియోట్యూబ్ గోడ కూడా నిలవలేదు. పోయిన ఇంటి దస్తావేజు మాత్రం బీరువాలో భద్రంగానే ఉంటుంది. ఆ కాగితం విలువ ఇప్పుడెంత?

కెరీర్ పేజీలో ఈ గొడవెందుకు అంటారా? ఆ ప్రశ్నకు లెక్క కట్టి జవాబు చెప్పడం ఇప్పుడు ఒక ఉద్యోగం. అందుకే.

మిల్లీమీటర్లే కదా?

ఐపీసీసీ నివేదిక ప్రకారం 1901-2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 1971 వరకు ఏడాదికి 1.3 మిల్లీమీటర్లున్న వేగం, 2006-18 మధ్య 3.7కి చేరింది. వినడానికి చిన్నదే. కానీ చదునైన తీరంలో మట్టం కొంచెం పెరిగినా తుపాను ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. దీనికి తోడు నదులు తెచ్చే ఇసుక, ఒండ్రును డ్యాములు ఆపేస్తున్నాయి. తీరం వెంట కదిలే ఇసుకకు రేవు గోడలు అడ్డం పడుతున్నాయి.

అలాగని తీరమంతా పోతోందని కాదు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990-2018 ఉపగ్రహ చిత్రాలను పరిశీలిస్తే, దేశ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోంది, 26.9 శాతం మేట వేసి పెరుగుతోంది. అంటే అసలు విషయం ‘బీచ్ దగ్గరా, కాదా’ అన్నది కాదు, ‘ఏ బీచ్’ అన్నది.

ధర ఎలా పడుతుంది?

అమెరికాలో 2019లో వచ్చిన ఒక అధ్యయనం, సముద్ర మట్టం పెరిగితే ముంపు తగిలే ఇళ్లు అలాంటివే అయిన మిగతా ఇళ్లకన్నా సుమారు 7 శాతం తక్కువకు అమ్ముడవుతున్నాయని తేల్చింది. నీళ్లు ఇంకా గుమ్మం దాకా రాలేదు. భయం ముందే వచ్చింది. ఫ్లోరిడాలో కొన్ని బీమా కంపెనీలు తప్పుకున్నాయి, ప్రీమియంలు బాగా పెరిగాయి. బీమా లేకపోతే బ్యాంకు లోన్ ఇవ్వదు. లోన్ రాకపోతే కొనేవాడు తగ్గిపోతాడు. ధర పడే దారి ఇదే.

మన దగ్గర? 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ప్రామాణిక గృహ బీమా ‘భారత్ గృహ రక్ష’ తుపాను, వరద, సునామీ నష్టాలను కవర్ చేస్తుంది. నేల కుంగితే కూడా ఇస్తుంది. కానీ ఆ కుంగడం తీరం కోత వల్ల అయితే ఇవ్వదు. పైగా బీమా ఇంటి కట్టడానికే, కింద ఉన్న స్థలానికి కాదు. మధ్యతరగతి కుటుంబం పెట్టే డబ్బులో పెద్ద భాగం స్థలానిదే కదా!

ఉద్యోగాలు ఎక్కడ?

వాతావరణ మార్పు వల్ల వచ్చే ఆర్థిక రిస్కును బ్యాంకులు వెల్లడించాలంటూ ఆర్బీఐ 2024 ఫిబ్రవరిలో ముసాయిదా తెచ్చింది. బీమా కంపెనీలకు, రియల్టీ సంస్థలకు కూడా ఈ లెక్కలు కావాలి. సివిల్ వాళ్లకు తీర రక్షణ పనులు, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఉపగ్రహ డేటా, మ్యాథ్స్ ఇష్టమున్నవాళ్లకు యాక్చువరీ దారి. తీరం ఎక్కడెంత బలహీనంగా ఉందో చూపే మ్యాపులు వేసిన ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. క్యూజీఐఎస్ ఉచితం, ల్యాండ్‌శాట్ చిత్రాలూ ఉచితమే. మీకు తెలిసిన ఒక తీర గ్రామం తీసుకుని 1990, 2000, 2010, 2020 ఒడ్డు గీతలు ఒకే మ్యాపు మీద గీయండి. ఏడాదికి ఎన్ని మీటర్లు జరిగిందో లెక్క కట్టండి. రెజ్యూమెలో ‘టీమ్ ప్లేయర్’ అని రాసుకోవడంకన్నా ఇంటర్వ్యూలో ఈ ఒక్క మ్యాపు ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంకో ఉపయోగమూ ఉంది. ‘సీ వ్యూ ప్లాట్లు, గజం ఇంతే’ అన్న బ్రోచర్ ఇంటికొచ్చి నాన్నగారు అడ్వాన్స్ ఇద్దామంటే, ఆ మ్యాపు తెరిచి ముందు ఆయనకు చూపించండి.